పన్ను పీకించే ముందు ఒక్క మాట

"ఆ పన్ను పీకెయ్ సామీ... రాత్రంతా నిద్ర ల్యాకుండా పోయింది."

దంత వైద్యుడి కుర్చీలో కూర్చున్న పెద్దాయన అడిగింది అంతే. వయసు అరవై దాటింది. కింది దవడ పన్ను కదులుతోంది. చుట్టూ చిగురు వాచింది. డాక్టరు చూశారు. షుగరుందా, బీపీ ఉందా, గుండె జబ్బుకి మాత్రలేమైనా వాడుతున్నావా అని అడిగారు. ఏమీ లేవన్నాడు. మత్తు సూది వేసి రెండు నిమిషాల్లో పన్ను తీసేశారు. దూది కరిపించి, "గంటసేపు ఉమ్మొద్దు పెద్దాయనా" అని చెప్పి పంపించారు.

డాక్టరు అడగని ప్రశ్న ఒకటుంది. పెద్దాయన చెప్పని సంగతి ఒకటుంది. మూడేళ్ళ కిందట ఆయన నాలుక పక్కన పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి, ఆరున్నర వారాల పాటు దవడకీ మెడకీ రేడియేషన్ ఇచ్చారు. ఊళ్ళో వాళ్ళ భాషలో చెప్పాలంటే 'కరెంటు పెట్టించుకున్నాడు'. జబ్బు నయమైంది. నయమైపోయిన జబ్బుతో పంటి డాక్టరుకేం పని అనుకున్నాడాయన. అందులో తప్పేముంది, ఎవరైనా అలాగే అనుకుంటారు!

రెండు మూడు వారాల్లో చిగురు కమ్ముకోవాల్సిన గుంత నెల దాటినా మానలేదు. రెండో నెలలో నాలుకకి గరుగ్గా ఏదో తగిలింది. పన్ను ముక్క మిగిలిపోయిందేమో అనుకున్నాడు. అద్దంలో చూస్తే పసుపు పచ్చగా కనిపించింది. పన్ను కాదు, ఎముక. ఆయన దవడ ఎముకే.

ఈ పెద్దాయనది ఏ ఊరంటే ఆళ్లగడ్డ కావచ్చు, మైదుకూరు కావచ్చు, ఆదోని అవతల ఏ పల్లెయినా కావచ్చు. ఇది ఒకరి కథ కాదు. నోటి క్యాన్సర్ వైద్యంలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే వరసని ఒక మనిషిగా చేసి చెప్పడమే.

ఆ తర్వాత ఇంట్లో జరిగేది కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. నోటి నుంచి వాసన మొదలవుతుంది. మనవడు దగ్గరికి రాడు. పెద్దాయన సంగటి ముద్ద పంచలోకి తెప్పించుకుని, ఒక్కడే కూర్చుని తింటాడు. మాట్లాడితే మూతికి టవాలు అడ్డం పెట్టుకుంటాడు. గడ్డం కింద చిన్న రంధ్రం పడి చీము కారుతుంది. అప్పటికి భార్య ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటుంది. "మళ్ళా వచ్చినట్టుంది నాయనా" అని కొడుకుతో గొంతు తగ్గించి అంటుంది. దేనికి మళ్ళీ వచ్చిందంటోందో కొడుకు అడగడు. ఉన్న రెండెకరాలు మొదటిసారికే తాకట్టులోకి పోయాయి. ఇక ఆసుపత్రికి పోవాలన్న ఊసు ఎవరూ ఎత్తరు.

నిజానికి మళ్ళీ వచ్చింది క్యాన్సర్ కాకపోవచ్చు. ఇంతమంది ఇళ్ళలో ఆ ఒక్క సంగతి తెలియక జరిగే నష్టం చిన్నది కాదు.

కాలవ చివరి నేల

దీన్ని డాక్టర్లు 'ఆస్టియో రేడియో నెక్రోసిస్' అంటారు. రేడియేషన్ తగిలిన ఎముక చచ్చుబడటం అని అర్థం. రేడియేషన్ పడిన చోట ఎముక బయటపడి, మూడు నెలలు దాటినా మూసుకోకపోతే, అక్కడ క్యాన్సర్ లేదని కూడా తేలితే ఈ పేరు పెడతారు. నొప్పి, చీము, వాసన, పెదవి కింద తిమ్మిరి, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం దీని లక్షణాలు. బాగా ముదిరితే దవడ దానంతటదే విరుగుతుంది. జొన్నరొట్టె కొరికినప్పుడు 'టక్' మని విరిగిన సందర్భాలూ ఉంటాయి.

ఎందుకిలా అవుతుందో కర్నూలు, కడప వాళ్ళకి చెప్పడం తేలిక. కె.సి. కెనాల్ ఉంది కదా. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు తీసుకుని, నంద్యాల మీదుగా కడప దాకా వచ్చే కాలవ. మొదట్లో నీళ్ళు పుష్కలం. చివరి భూములకి వచ్చేసరికి ఏ ఏడాదికా ఏడాది అనుమానమే. కింది దవడదీ అదే పరిస్థితి. పై దవడకి నాలుగైదు వైపుల నుంచి రక్తం అందుతుంది. కింది దవడకి మాత్రం ప్రధానంగా ఒకే రక్తనాళం. అది ఎముక లోపలే సొరంగంలాంటి దారిలో పోతుంది. పైగా ఈ ఎముక గట్టిది, దట్టమైనది.

క్యాన్సర్ కణాలని చంపడానికి పంపే కిరణాలు దారిలో ఉన్న సన్నని రక్తనాళాలని కూడా దెబ్బతీస్తాయి. నాళాల గోడలు మందమై లోపలి దారి మూసుకుపోతుంది. ఎముకని ఎప్పటికప్పుడు బాగుచేసే కణాలు తగ్గిపోతాయి. వాటి స్థానంలో మచ్చలాంటి పీచు కణజాలం పేరుకుంటుంది. బయటికి ఏమీ కనిపించదు. ఉన్నంతలో ఎముక గుట్టుగా నెట్టుకొస్తూ ఉంటుంది. పన్ను పీకినప్పుడు ఆ గాయం మానడానికి ఒక్కసారిగా ఎక్కువ రక్తం కావాలి. అప్పుడు బయటపడుతుంది... కాలవలో నీళ్ళు లేవని.

నోటి క్యాన్సర్‌కి సాధారణంగా 60 నుంచి 70 గ్రేల రేడియేషన్ ఇస్తారు. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. గ్రే అంటే కిరణాల మోతాదుకి కొలమానం. దవడలో 60 గ్రేలు దాటిన భాగానికి ముప్పు ఎక్కువ. కణితి ఆకారాన్ని బట్టి కిరణాలని మలిచే ఐ.ఎమ్.ఆర్.టి. పద్ధతి వచ్చాక ఎముక మీద పడే మోతాదు తగ్గింది. అయినా ముప్పు పూర్తిగా పోలేదు. రేడియేషన్ అయిన మొదటి రెండు మూడేళ్ళలో ఎక్కువగా కనిపిస్తుంది కానీ పదేళ్ళ తర్వాత కూడా రావచ్చు. 'చాలా ఏళ్ళయింది కదా, ఇప్పుడేం కాదులే' అన్నది ఇక్కడ చెల్లదు.

అలాగని రేడియేషన్ తీసుకున్న ప్రతివారికీ వస్తుందని హడలిపోనక్కర్లేదు. రేడియేషన్ తర్వాత పన్ను తీయించుకున్నవాళ్ళ మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2011లో లెక్క చూస్తే ఈ సమస్య వచ్చింది నూటికి ఏడుగురికి. మిగతా 93 మందికి మామూలుగానే మానింది. ఆ ఏడుగురిలో ఒకరు మన ఇంట్లో ఉంటే మాత్రం ఈ అంకెలు ఓదార్పు ఇవ్వవు.

అసలు పన్ను ఎందుకు పాడైంది?

పెద్దాయన పన్ను ఊరికే కదల్లేదు. రేడియేషన్ లాలాజల గ్రంథుల మీద కూడా పడుతుంది. నోరెండిపోతుంది. లాలాజలం అంటే ఎంగిలే కదా అని తీసిపారేస్తాం గానీ పళ్ళని కడిగేదీ, ఆమ్లాన్ని విరిచేదీ అదే. అది లేకపోతే పళ్ళు చిగురు దగ్గర చుట్టూ పుచ్చిపోతాయి. చెనిక్కాయల ఊరుబిండి నోట్లో పెట్టుకుంటే మంట. కాబట్టి మెత్తటివి, తియ్యటివి, టీలో ముంచిన బిస్కెట్లు ఎక్కువవుతాయి. పళ్ళు ఇంకా త్వరగా పాడవుతాయి. రెండేళ్ళలో పళ్ళ వరసంతా నల్లబడిన వాళ్ళున్నారు.

అందుకే రేడియేషన్ మొదలుపెట్టకముందే పళ్ళ డాక్టరుకి చూపించుకోవాలంటారు. నిలబడని పళ్ళని అప్పుడే తీసేసి, నిలబడేవాటికి మరమ్మతు చేయించాలి. తీసిన చోట గాయం మానడానికి కనీసం రెండు వారాల గడువు దొరికితే మంచిది. అంతకు మించి క్యాన్సర్ వైద్యాన్ని ఆపకూడదు. రెండు వారాల్లో కావాల్సిన పని ఇదొక్కటే. ఆ హడావిడిలో జారిపోయేదీ ఇదే. క్యాన్సర్ అన్న మాట విన్న ఇంట్లో పళ్ళ గురించి ఎవరు ఆలోచిస్తారు!

రేడియేషన్ అయ్యాక ఫ్లోరైడ్ పేస్టు, ఫ్లోరైడ్ జెల్ రోజూ వాడమంటారు. ఇక్కడ మన జిల్లాల వాళ్ళకో సందేహం వస్తుంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు గారపట్టిన ఊళ్ళు రాయలసీమలో ఎన్నో. "ఆ నీళ్ళు తాగే కదా పళ్ళు ఇట్లా అయినాయి, మళ్ళా అదే రాసుకోమంటారా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చిన్నప్పుడు, పళ్ళు ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వల్ల ఆ మరకలు వచ్చాయి. ఇప్పుడు పంటి పైన రాసి ఉమ్మేసేది వేరు. అది పంటి పైపొరని గట్టిపరుస్తుంది. మింగకుండా ఉంటే చాలు.

అలవాట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో బీడీ పొగాకు ఒకప్పుడు పేరున్న పంట. బీడీ, గుట్కా, ఖైనీ, పొగాకు కలిపిన కిళ్ళీ... దేశంలో మగవాళ్ళలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ నోటిదే కావడానికి ఇవే కారణం. వైద్యం అయ్యాక కూడా బీడీ మానకపోతే ఎముకకి అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గుతుంది. "జబ్బు తగ్గిపాయె కదా, రోజుకొక్కటి తాగితే ఏమైతాది" అనే పెద్దాయనలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

గాలి గది నుంచి మాత్రల దాకా

ఎముక బయటపడ్డాక వైద్యం ఉందా? ఉంది. అయితే ఏది పనిచేస్తుందన్న దాని మీద నలభై ఏళ్ళుగా డాక్టర్ల మధ్య వాదన నడుస్తోంది.

1983లో అమెరికాకి చెందిన రాబర్ట్ మార్క్స్ అనే దంత శస్త్రవైద్యుడు ఒక మాటన్నారు. ఇది సూక్ష్మక్రిముల జబ్బు కాదు, ఆక్సిజన్ అందక ఎముక ఎండిపోవడం అని. అందని ఆక్సిజన్‌ని ఒత్తిడి పెట్టి పంపుదామన్నారు. రోగిని ఒక గదిలాంటి పెట్టెలో ఉంచి, బయటి గాలి ఒత్తిడికి రెండున్నర రెట్ల దాకా పెంచి, గంటన్నర సేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. పన్ను పీకే ముందు ఇరవై సార్లు, తర్వాత పది సార్లు. 1985లో ఆయన బృందం 74 మంది మీద పరీక్షించింది. పెన్సిలిన్ మాత్రమే తీసుకున్న 37 మందిలో 11 మందికి ఎముక చచ్చుబడింది. ఆక్సిజన్ తీసుకున్న 37 మందిలో ఇద్దరికే. ఇంకేముంది, లోకమంతా గాలి గదుల వెంట పడింది.

తర్వాత లెక్క తిరగబడింది. ఫ్రాన్సులో 2004లో ప్రచురించిన పరీక్షలో ఆక్సిజన్ వల్ల లాభం కనిపించలేదు. బ్రిటన్‌లో 144 మందితో మొదలుపెట్టిన 'హోపాన్' పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. దవడకి చికిత్స చేసే ముందు ఆక్సిజన్ ఇచ్చిన గుంపులోనూ, ఇవ్వని గుంపులోనూ సమస్య వచ్చింది నూటికి ఆరుగురి చొప్పునే! 2024లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా పన్ను తీసే ప్రతివారికీ దీన్ని మామూలుగా పెట్టనక్కర్లేదనే అన్నాయి.

ఇది కర్నూలు, కడప కుటుంబాలకి మంచి వార్తే. ఈ గాలి గదులు పెద్ద నగరాల్లోనే దొరుకుతాయి. ముప్ఫై రోజులు నగరంలో గది తీసుకుని ఉండటమంటే మాటలా? దానికోసం అప్పు చేయలేకపోయామని కుమిలిపోతున్న కొడుకులెవరైనా ఉంటే ఈ సంగతి తెలుసుకోవాలి.

రెండో దారి మాత్రలది. ఇందులో పెద్ద విచిత్రం ఏమీ లేదు. కాళ్ళలో రక్తప్రసరణ తగ్గినవాళ్ళకి ఎప్పటి నుంచో ఇస్తున్న పెంటాక్సిఫిలిన్, దానికి తోడు విటమిన్-ఇ. ఫ్రాన్సుకి చెందిన సిల్వీ డెలానియన్ బృందం ఈ రెంటినీ కలిపి, ఎముకలకి వాడే క్లోడ్రొనేట్ అనే మందుని కూడా చేర్చి 54 మందికి ఇచ్చింది. అందరికీ చిగురు కమ్ముకుందని, సగం మందికి తొమ్మిది నెలల లోపే మానిందని 2011లో ప్రచురించింది. పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు లేదు కాబట్టి కొందరు పెదవి విరిచారు. అయినా 2024 మార్గదర్శకాలు పెంటాక్సిఫిలిన్, విటమిన్-ఇ జోడీని వాడి చూడవచ్చన్నాయి. మందుల షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది. మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకీ ప్రమాదం. నెలల తరబడి వాడాలి. వారం వాడి, 'గుణం కనపడల్యా' అని మానేస్తే లాభం లేదు.

ఈ మాత్రల పక్కన మామూలు పనులు సాగుతూనే ఉంటాయి. ఉప్పు నీళ్ళతోనూ, డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ మందుతోనూ పుక్కిలించడం. చీము పట్టినప్పుడు యాంటీబయాటిక్. ఊడివచ్చేలా ఉన్న చచ్చిన ఎముక ముక్కని మెల్లగా తీసేయడం. గరుకు అంచుని నున్నగా చేయడం. ఎముక కొద్దిగానే బయటపడ్డవాళ్ళలో చాలామందికి ఇంతటితో సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు మాత్రం ఒక పని జరగాలి. పాత జబ్బు తిరిగి రాలేదని తేల్చుకోవాలి. దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీస్తారు. అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపుతారు. భార్య గొంతు తగ్గించి అన్న మాటకి జవాబు దొరికేది అక్కడే.

కాలి ఎముక దవడలోకి

దవడ విరిగినా, మొత్తం మందం పాడైనా ఆపరేషన్ తప్పదు. చచ్చిన భాగం కోసేసి, ఆ జాగాలో మనిషి కాలి నుంచే ఎముక తెచ్చి అమరుస్తారు. పిక్కలో రెండు ఎముకలుంటాయి. బరువు మోసేది లావుపాటిది. పక్కనున్న సన్నని ఎముక పేరు ఫిబ్యులా. దాని మధ్య భాగం తీసేసినా మనిషి నడవగలడు.

రక్తనాళాలతో సహా ఫిబ్యులాని తీసి శరీరంలో మరోచోట అతికించవచ్చని 1975లో ఆస్ట్రేలియా వైద్యుడు ఇయాన్ టేలర్ చూపించారు. దాన్ని దవడ ఆకారంలోకి మలచడం న్యూయార్క్ వైద్యుడు డేవిడ్ హిడాల్గో 1989లో ప్రచురించారు. ఎముకని రెండు మూడు చోట్ల కోసి దవడ వంపు తెస్తారు. టైటానియం ప్లేటుతో బిగిస్తారు. మైక్రోస్కోపు కింద చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని దారంతో ఆ నాళాలని మెడలోని నాళాలకి కుడతారు. ఒక విధంగా చెప్పాలంటే ఎండిన భూమికి కొత్త కాలవ తవ్వడమే. ఆపరేషన్‌కి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. రేడియేషన్ పడిన మెడలో నాళాలు కూడా దెబ్బతిని ఉంటాయి కనుక మామూలు కంటే కష్టం. అతికిన తర్వాత మొదటి కొన్ని రోజులు రాత్రీ పగలూ కాపలా కాస్తారు. కొందరికి విఫలమవుతుంది కూడా. నిలిచిందా, కొన్ని నెలల తర్వాత ఆ ఎముకలో పళ్ళు కూడా బిగించవచ్చు.

ఎక్కడికి పోవాలి?

కర్నూలు, కడప వాళ్ళకి క్యాన్సర్ అంటే చాలా ఏళ్ళు ప్రయాణమే. కర్నూలు నుంచి రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆసుపత్రికి. కడప నుంచి తిరుపతికి, కాస్త స్తోమతుంటే వేలూరుకి. ఆదోని వైపు నుంచి బెంగళూరు కిద్వాయికి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఖర్చు భయం కొంత తగ్గింది. పథకం పేరు ప్రభుత్వాలని బట్టి మారుతూ వచ్చి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. తిరుపతిలో టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. కర్నూలు వైద్య కళాశాల ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ భవనం లేచింది.

చిక్కు ఎక్కడంటే, రేడియేషన్ ఒక ఊళ్ళో, పన్ను నొప్పి ఇంకో ఊళ్ళో. హైదరాబాద్‌లో ఇచ్చిన ఫైలు ఇంట్లో బీరువాలో బట్టల కింద ఉంటుంది. ఆళ్లగడ్డలో పన్ను పీకే డాక్టరుకి దాని ఊసే తెలియదు. ఊళ్ళో ఆర్ఎంపీ అయితే సరేసరి. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలులోనూ దంత వైద్య కళాశాల ఉంది. ఇలాంటి పన్ను అక్కడికి చేరితే, పీకకుండా గడిపే మార్గాలు చూస్తారు. వేరుకి వైద్యం చేసి, పైభాగం కోసి, వేరుని అలాగే వదిలేయవచ్చు. తీయక తప్పకపోతే యాంటీబయాటిక్ ఇచ్చి, ఒకసారికి ఒకటో రెండో పళ్ళే తీసి, ఎముక గీరుకోకుండా చిగురుని కుట్టేస్తారు. తర్వాత నెలల తరబడి పిలిచి చూస్తారు. కట్టుడు పళ్ళు కూడా డాక్టరు సరేనన్నాకే. వదులుగా ఉన్న సెట్టు ఒరుసుకుని పడే పుండు చాలు, ఎముక దాకా పోవడానికి.

క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్ళకి నెలకోసారి ఇచ్చే జొలెడ్రోనిక్ యాసిడ్ వంటి సూదిమందుల వల్ల కూడా దవడ ఎముక ఇలాగే బయటపడవచ్చు. వాటికి రేడియేషన్‌తో పనిలేదు. ఆ సూదులు పడుతున్నవాళ్ళూ పన్ను పీకించే ముందు చెప్పాల్సిందే.

చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. "సామీ, నాకు దవడకి కరెంటు పెట్టినారు" అంటే చాలు, ఏ పంటి డాక్టరైనా చేతిలోని పట్టకారు కింద పెడతాడు. ఏ ఏడాది పెట్టారు, ఏ ఆసుపత్రిలో, ఏ వైపు, ఎన్ని గ్రేలు... ఈ నాలుగూ ఉండేది డిశ్చార్జి కాగితంలో. దాని జిరాక్స్ ఒకటి మడిచి, రేషన్ కార్డు, ఆధార్ కార్డు పెట్టుకునే కవర్లోనే పెట్టుకుంటే సరి. ఎటు పోయినా పెద్దాయన ఆ కవరు మాత్రం మర్చిపోడు కదా.